మచ్చ ఒకచోట, మూలం మరొకచోట

ముప్ఫై ఏళ్లుగా మదరసాలో అరబీ వ్యాకరణం బోధిస్తున్నవాడిని. నా చేతికి అలవాటైన పనిముట్లు కలం, సుద్దముక్క, పుస్తకం. అలాంటి నేను గత షాబాన్ నెలలో పదకొండు రోజులపాటు మా పెరట్లోని వేపచెట్టు కింద పీట వేసుకొని, ఒక మోటారు సైకిలు ఇంజనును పూర్తిగా విప్పి మళ్లీ బిగించాను. ఆ పని నేనెందుకు చేయవలసి వచ్చిందో, దానివల్ల నాకేమి తెలిసివచ్చిందో పాఠకులకు చెప్పుకోవాలనిపించింది. ఇంజన్ల గురించి తెలిసినవారు నా తప్పులకు నవ్వుకున్నా ఫర్వాలేదు. పిల్లలున్న తండ్రులు మాత్రం చివరి వరకు చదవవలసిందిగా కోరుతున్నాను.

మా రెండో అబ్బాయికి ఇరవై రెండేళ్లు. కడపలో ఒక షెడ్డులో మోటారు సైకిళ్ల పని నేర్చుకొని, ఇప్పుడు ట్రాక్టర్లు బాగుచేసే చోట పనిచేస్తున్నాడు. రెండేళ్లపాటు కూడబెట్టుకున్న డబ్బుతో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి కొన్నాడు. మా తరం వారికి ఆ బండి బాగా తెలుసు. 1985లో మన దేశంలో వచ్చి 1996 వరకు తయారైంది. 98 సీసీల చిన్న ఇంజనే అయినా చురుకైనదని పేరు. దాని పాత యజమాని మట్టిదారుల్లో నడపడానికి దానిని మార్చుకున్నాడు. గుబ్బల టైర్లు వేయించి, ముందు మడ్‌గార్డును పైకెత్తించి, వెడల్పాటి హ్యాండిల్ పెట్టించాడు. ఆదివారాల్లో మావాడు స్నేహితులతో కలిసి పాలకొండల అంచున రాళ్లదారుల్లో దానిని నడిపేవాడు. నాకది నచ్చేది కాదు. నచ్చలేదని కూర్చోబెట్టి చెప్పేటంత మాటలు కూడా మా మధ్య అప్పటికి మిగల్లేదు.

ఒకరోజు ఆ బండి ఇంజను పట్టేసింది. పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోయి కదలదన్నమాట. మావాడు దానిని పేరున్న ఒక షెడ్డుకు తీసుకువెళ్లాడు. వారు సిలిండరుకు బోరు తీయించి, కొత్త పిస్టన్ వేసి ఇచ్చారు. రెండువందల కిలోమీటర్లు తిరగకముందే, కొండదారిలో దిగుతుండగా మళ్లీ పట్టేసింది. ఇంజను ఉన్నట్టుండి పట్టేస్తే వెనుక చక్రం కూడా తిరగకుండా ఆగిపోతుంది. క్లచ్ నొక్కే వ్యవధి లేకపోయింది. వాడు కిందపడ్డాడు. హెల్మెట్ ఉండబట్టి అల్లాహ్ దయవల్ల తల దక్కింది. కుడి మణికట్టు మాత్రం విరిగింది. డాక్టరుగారు ఆరువారాలు పిండికట్టు ఉంచాలన్నారు.

బండిని పెరట్లో గోనెపట్టా కింద పడేశారు. "ఆ దయ్యాన్ని అమ్మేయండి" అన్నది నా భార్య. నాకూ అదే మంచిదనిపించింది. మావాడు తలెత్తకుండానే అన్నాడు: "లోపం చెప్పి అమ్మితే ఎవరూ కొనరు. చెప్పకుండా అమ్మడానికి మీరు ఒప్పుకోరు కదా అబ్బా."

ఆ మాట నిజం. ధాన్యం రాశిలో తడిసిన గింజలను అడుగున దాచిన వర్తకుని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఎలా మందలించారో నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. లోపమేమిటో తెలియనిదే దానిని కొనేవాడికి చెప్పడమెలా? అది మరొక ఇంటి బిడ్డను కింద పడవేస్తే ఆ బాధ్యత ఎవరిది? వార్షిక పరీక్షలు ముగిసి మదరసాకు సెలవులు ఇచ్చిన రోజులవి. ఎందుకన్నానో గానీ, "నీ చేయి బాగాలేదు కదా. నువ్వు చెబుతూ ఉండు, నేను విప్పుతాను" అన్నాను. వాడు నావైపు చాలాసేపు చూశాడు. ఇంజను విప్పడం వాడికీ కొత్తే. షెడ్డులో ఆ పని పెద్ద మిస్త్రీలు చేసేవారు. వాడు పక్కన నిలబడి పానాలు అందించేవాడట. చూసిన జ్ఞానం వాడిది, పనిచేయగల చేతులు నావి. అలా ఇద్దరం కలిసి ఒక మిస్త్రీ అయ్యాం.

మొదటి రోజే నా అహంకారం కొంత దిగింది. పాత స్క్రూలు తుప్పుపట్టి ఉన్నాయి. మామూలు స్క్రూడ్రైవరుతో బలంగా తిప్పి మొదటి స్క్రూ తలనే చెడగొట్టాను. అటువంటి వాటికి ఇంపాక్ట్ డ్రైవర్ అనే పనిముట్టు పెట్టి సుత్తితో కొట్టాలట. కొట్టిన దెబ్బకే అది కొద్దిగా తిరుగుతుంది. ముందురోజు రాత్రే నూనె వేసి నానబెట్టుకోవాలి కూడా. "తొందరపడితే ఇనుము వినదు అబ్బా" అన్నాడు మావాడు. మా తరగతిలో నేను చెప్పే మాటలాగే ఉంది. స్క్రూలన్నీ ఒకే పొడవు కావు గనుక, ఒక అట్టముక్క మీద మూత ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టాం. పరీక్షల అట్టలు ఆ విధంగా ఉపయోగపడ్డాయి. ప్రతి అడుగూ మా చిన్నమ్మాయి ఒక నోటుపుస్తకంలో వ్రాసింది.

హెడ్ తీసి, షెడ్లలో బ్లాక్ అని పిలిచే సిలిండరును పైకి లాగితే పిస్టన్ బయటపడింది. దాని ఒక పక్కన, పొగ బయటకు పోయే వైపు, గోళ్లతో రక్కినట్టు నిలువు గీతలున్నాయి. అల్యూమినియం కరిగి సిలిండరు గోడకు అంటుకుంది. కొత్త పిస్టన్, కొత్త బోరు. అయినా అదేచోట అదే గాయం. "మరో సైజు బోరు తీయించి ఇంకో పిస్టన్ వేస్తే సరిపోతుందా?" అని వాడు తనను తాను అడుగుతున్నట్టు అన్నాడు.

అప్పుడు నాకు నా పాఠం గుర్తుకు వచ్చింది. అరబీ వ్యాకరణంలో మేము మొదట నేర్పే సంగతి ఇది. 'ఇల్లు' అనే పదం 'అల్ బైతు'. దానికి ముందు 'లో' అనే అర్థమిచ్చే 'ఫీ' చేరితే 'ఫిల్ బైతి' అవుతుంది. మారింది 'బైత్' అనే పదం చివర. మార్చింది మాత్రం ముందున్న 'ఫీ'. మార్పు తెచ్చే ఆ పదాన్ని ఆమిల్ అంటారు. పిల్లవాడు పదం చివర పేష్ ఉందో జేర్ ఉందో చెప్పగానే నేను తృప్తిపడను. "ఆమిల్ ఏది?" అని అడుగుతాను. అది పక్కనే ఉండవచ్చు, దూరంగా ఉండవచ్చు. ఒక్కోసారి వాక్యంలో పైకి కనబడకుండానే పనిచేస్తూ ఉండవచ్చు. దానిని పట్టుకోలేనివాడికి వాక్యం అర్థం కాదు. మావాడిని కూడా అదే అడిగాను: "పిస్టన్‌ది మామూల్ బేటా. గాయపడింది అది. ఆమిల్ ఎక్కడుంది?"

వాడు చిన్నప్పుడు నా దగ్గరే ఆ పాఠం చదివాడు. నవ్వాడు. ఎన్నాళ్ల తరువాతో నా మాటకు వాడు నవ్వడం. తరువాత కాసేపు ఆలోచించి ఒక సంగతి చెప్పాడు. పడిపోవడానికి ముందు కొన్ని రోజులుగా, యాక్సిలరేటరు వదిలేసినా ఇంజను రేజింగ్ వెంటనే దిగేది కాదట. ప్లగ్గు తీసి చూస్తే కొన తెల్లగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో అది ఇటుక రంగులోనో, కాఫీ రంగులోనో ఉంటుందట. ఈ రెండు సంగతులూ ఒకే మాట చెబుతున్నాయి. ఇంజనుకు అందవలసిన పెట్రోలు కంటే గాలి ఎక్కువ అందుతోంది. ఆ గాలి ఎక్కడినుంచి వస్తోంది?

ఇక్కడ ఈ రకం ఇంజను సంగతి కొంచెం చెప్పాలి. ఇది టూస్ట్రోక్ ఇంజను. పిస్టన్ పైకి లేచినప్పుడు దాని కింద, క్రాంకు తిరిగే చాంబర్‌లోకి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం వస్తుంది. పిస్టన్ దిగినప్పుడు ఆ మిశ్రమం పక్కదారుల గుండా పైకి వెళ్లి మండుతుంది. లోపలి భాగాలకు కావలసిన నూనె కూడా ఆ మిశ్రమంతోనే అందుతుంది. కాబట్టి చాంబర్‌లోకి మరే దారిగుండానూ గాలి రాకూడదు. అందుకే క్రాంకు బయటకు వచ్చే రెండు వైపులా రెండు రబ్బరు సీళ్లు ఉంటాయి. ఎడమ వైపు మాగ్నెట్ వెనుక ఉండే సీలు గట్టిపడి పగిలితే, ఆ సందులోనుంచి దొంగగాలి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది, నూనె తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. అల్యూమినియం పిస్టన్ ఇనుప గోడకంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. మధ్యనున్న సందు మాయమవుతుంది. ఇంజను పట్టేస్తుంది.

మరునాడు మాగ్నెట్‌ను పుల్లరుతో లాగి తీశాం. దాని వెనుక పలక నిండా నల్లని నూనెమడ్డి. అది ఉండకూడని చోటు. సీలు అంచును వేలితో తాకితే పాత చెప్పు అట్టలా గట్టిగా ఉంది. ఒకచోట వెంట్రుకమందం పగులు. ఎన్నో ఏళ్లనాటి ఆ సీలును మొదటిసారి బాగుచేసినవారు ముట్టుకోలేదు. కనబడిన గాయానికి మందు వేశారు, గాయం చేసినదానిని అలాగే వదిలేశారు. పిస్టన్ ధరతో పోలిస్తే ఆ సీలు ధర ఒక లెక్కలోనిది కాదు. దానివల్లనే నా బిడ్డ ఎముక విరిగింది.

కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకొని కదిపి చూడమన్నాడు మావాడు. అటూ ఇటూ కదిలితే, "అయ్యో, ఇది కూడా పోయింది" అన్నాను. పక్కలకు కొంచెం కదలడం సహజమేనట. పైకీ కిందికీ ఆడితేనే దోషమట. అలా చూసినా కొద్దిగా ఆట ఉంది. ఇక చాంబర్ కూడా విప్పక తప్పలేదు. దాని రెండు భాగాలు విడిపోయి, గేర్లు, క్రాంకు, బేరింగులు అట్టల మీద వరుసగా పరచుకున్న రోజు నాకు కంగారు పుట్టింది. కష్టమైన వాక్యాన్ని విడదీసి తర్కీబ్ చెప్పడం ముప్ఫై ఏళ్లుగా నా వృత్తి. కానీ విడదీసిన వాక్యాన్ని తిరిగి కూర్చలేకపోతే ఎవరూ కిందపడరు.

క్రాంకును, బ్లాకును లేత్ షాపుకు తీసుకువెళ్లాం. డెబ్బై ఏళ్లు దాటిన పెద్దమనిషి ఆయన. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. ఊళ్లో నన్నూ ఉస్తాద్ అనేవారున్నారు. ఆ షాపులో నిలబడి ఆ పిలుపుకు ఎవరు ఎక్కువ అర్హులని ఆలోచించాను. "పిస్టన్ తెచ్చారా?" అని అడిగారాయన. బోరు తీశాక పిస్టన్ కొంటామంటే కుదరదట. ముందు పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగినట్టు బోరు తీస్తారట. ఈ సిలిండరు అసలు వ్యాసం 50 మిల్లీమీటర్లు. మొదటిసారి 0.25 పెంచారు. ఇప్పుడు 0.50 సైజు పిస్టన్ తెచ్చాం. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. ఎక్కువైతే గలగల చప్పుడు, తక్కువైతే మళ్లీ పట్టివేత. క్రాంకుకు కొత్త రాడ్ కిట్ ప్రెస్సులో ఎక్కించి, డయల్ గేజ్ పెట్టి తిప్పుతూ, ముల్లు కదలిక అణిగేవరకు రాగిసుత్తితో తడుతూ దాదాపు గంటసేపు కూర్చున్నారాయన. ఆ గంటలో ఒక్క మాట మాట్లాడలేదు.

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరచాడనీ, కవచాలు చేయమనీ, వాటి కడియాలను సరైన కొలతతో అమర్చమనీ ఆదేశించాడనీ దివ్యఖుర్ఆన్ సబా సూరాలో ఉంది. ఎన్నిసార్లు బోధించానో ఆ ఆయతులను! కొలత గురించిన ఆదేశం అక్కడ ఎందుకు వచ్చిందని ఏనాడూ నన్ను నేను అడుగుకోలేదు. కడియం వదులైతే బాణం దూరుతుంది, బిగువైతే యోధుడు కదలలేడు. ఒక ప్రవక్త చేతిపనికి ప్రభువు నేర్పిన మర్యాద అది. ఆ ముసలి ఉస్తాద్ మౌనంలో నాకా ఆయతు తఫ్సీర్ వినిపించింది.

ఇంటికి వచ్చాక మాకు కడుగుడు పని మిగిలింది. బోరు తీసిన బ్లాకులో కంటికి కనబడని ఇనుపరజను ఉంటుంది. ముందుగా లోపలి కిటికీల పదునైన అంచులను సన్నని ఆకురాయితో కొద్దికొద్దిగా మొద్దుపరచాను. లేకపోతే పిస్టన్ రింగులు అక్కడ తగులుకొని విరుగుతాయి. ఆపైన వేడినీళ్లు, సబ్బుతో కడగాలి. నా పాత కుర్తా నుంచి చింపిన తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. శుభ్రమైందనుకున్నప్పుడల్లా గుడ్డ నల్లబడింది. ఏడోసారికి గాని అది తెల్లగా రాలేదు.

ఆ సాయంత్రం అస్ర్ అజాన్ వినబడింది. వుజూకు కూర్చొని చేతులు రుద్దుకున్నాను. జిడ్డంతా పోయింది. గోళ్ల చుట్టూ, వేళ్ల గీతల్లో నలుపు మాత్రం పోలేదు. మసలా నాకు తెలుసు. చర్మానికి నీరు తగలనివ్వకుండా అడ్డుపడే పొర ఉంటే తొలగించాలి. పొర పోయి రంగు మాత్రమే మిగిలితే వుజూ చెల్లుతుంది. ఆ నల్లని చేతులను చూస్తూ ఉండగా మూడేళ్లనాటి మాట ఒకటి గుండెలో గుచ్చుకుంది.

అప్పుడు మావాడు షెడ్డులో కొత్తగా చేరాడు. ఒకరోజు అస్ర్‌కు పనిబట్టలు మార్చుకొని, వుజూ చేసుకొని, మస్జిదుకు వచ్చి మొదటి వరుసలో నా పక్కన నిలబడ్డాడు. వాడి వేళ్లు ఇలాగే నల్లగా ఉన్నాయి. వరుసలో ఉన్న ఒక పెద్దమనిషి వాటిని చూశారు. ఆయన చూశారనే సిగ్గుతో నేను అందరి ముందు అన్నాను: "ముందు పోయి చేతులు కడుక్కో. ఇది నీ షెడ్డు కాదు." వాడు వెళ్లి కడుక్కొని వచ్చాడు. చివరి వరుసలో నిలబడ్డాడు. ఆ మరునాటి నుంచి వేరే వీధి మస్జిదుకు వెళ్లసాగాడు. ఇంట్లో మాటలు తగ్గాయి. వాడు మొండివాడయ్యాడనీ, స్నేహాలు చెడ్డవనీ, బండిపిచ్చి పట్టిందనీ నేను అనుకున్నాను. కనబడిన గీతలను లెక్కపెడుతూ వచ్చాను. దొంగగాలి ఎక్కడ దూరిందో వెదకలేదు. ఆ ఆమిల్ నా నోటి మాటే.

నేను చదివిన చదువు ఏమిటి? వక్ఫ్ ధర్మశాస్త్రంపై ప్రామాణిక గ్రంథం వ్రాసిన హనఫీ ఫఖీహ్ ఇమామ్ ఖస్సాఫ్ చెప్పులు కుట్టి బ్రతికారు. ఆయన పేరే ఆ వృత్తిది. షాఫయీ ఇమామ్ ఖఫ్ఫాల్ మర్వజీ విద్యవైపు రాకముందు తాళాలు చేసేవారు. దియార్‌బకర్ పాలకుల కొలువులో ఉన్న అల్ జజరీ 1206లో పూర్తిచేసిన తన యంత్రాల గ్రంథంలో, రెండు సిలిండర్లలో పిస్టన్లు ఆడే నీటిపంపును వర్ణించారు. ఆ గ్రంథం పేరులోనే ఇల్మ్, అమల్ అనే రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి. ఈ పేర్లన్నీ తరగతిలో గర్వంగా చెప్పేవాడిని. అదే మసి నా బిడ్డ చేతికి అంటితే సిగ్గుపడ్డాను.

తొమ్మిదో రోజు మళ్లీ కూర్పు మొదలైంది. బేరింగులను పాలిథిన్ సంచిలో చుట్టి ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో మంచు గదిలో పెట్టాం. నా భార్య ముక్కు చిట్లించింది గానీ కాదనలేదు. చాంబర్ భాగాలను పెరట్లో పొయ్యి మీద పెనం పెట్టి వేడిచేశాం. వేడికి చోటు పెరిగింది, చలికి బేరింగు చిన్నబోయింది. సుత్తి దెబ్బ లేకుండా అవి వాటంతట అవే దిగి కూర్చున్నాయి. రెండు కొత్త సీళ్ల అంచులకు నూనె రాసి అమర్చాం. క్రాంకు, గేర్లు చిన్నమ్మాయి నోటుపుస్తకం ప్రకారం వాటి చోట్లలోకి వెళ్లాయి. అతుకుకు పూత రాసి రెండు భాగాలు కలిపి బిగించాం. పిస్టన్ తలమీద బాణం గుర్తు సైలెన్సరు వైపు ఉండాలి. చిన్న పిన్ను దానిని రాడ్‌కు కలుపుతుంది. ఆ పిన్ను పక్కకు జారకుండా రెండు వైపులా చిటికెనవేలి గోరంత తీగకడియాలు ఉంటాయి. వాటిని సర్క్లిప్ అంటారు.

మావాడు జుహర్‌కు వెళ్లాడు. నేను ముందే నమాజు చేసుకొని ఉన్నాను. వాడు వచ్చేలోగా ఆ క్లిప్పులు వేసి చూపిద్దామనుకున్నాను. మొదటిది కూర్చుంది. రెండోది పట్టకారు నుంచి చివాలున ఎగిరింది. కింద వెదికాను. అట్టలన్నీ ఎత్తి చూశాను. లేదు. అప్పుడు చూసుకున్నాను, తెరిచి ఉన్న చాంబర్ నోటిని.

పాత పిస్టన్ నుంచి తీసిన క్లిప్పులు డబ్బాలో ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి వేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అది నేలమీదే ఎక్కడో పడి ఉంటుందని నా మనసు నాకు నచ్చచెప్పింది కూడా. ఆ క్షణాన్ని దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే షైతాను పండితుడి దగ్గరకు పెద్ద పాపంతో రాడు, చిన్న సౌకర్యంతో వస్తాడు. ఆ తీగముక్క లోపల ఉంటే ఇంజను తిరిగిన మరుక్షణం నలిగి, మళ్లీ పట్టేయవచ్చు. కొండదారిలో పట్టేస్తే? పట్టకారు కింద పెట్టి వాడికోసం ఎదురుచూశాను. రాగానే చెప్పాను: "బేటా, తప్పు చేశాను. క్లిప్పు లోపల పడిందేమో. నీకు చెప్పకుండా పాతది వేద్దామా అని కూడా అనుకున్నాను."

మూడేళ్ల మాట తిరిగి చెప్పడానికి వాడికి అంతకన్నా మంచి అవకాశం రాదు. వాడు పీట లాక్కొని కూర్చున్నాడు. "చాంబర్ నోటికి గుడ్డ కుక్కి పని చేయమని నేనే చెప్పలేదు అబ్బా. తప్పు నాది. వెదుకుదాం" అన్నాడు.

ఇంజనును తలకిందులు చేశాం. రాలేదు. క్రాంకును మెల్లగా తిప్పి మళ్లీ వంచాం. రాలేదు. పాత స్పీకరు అయస్కాంతాన్ని విరగ్గొట్టి, చిన్నముక్కను తీగకు కట్టి లోపలికి దించి చూశాడు వాడు, ఎడమచేత్తో. చాలాసేపటికి టిక్కున చప్పుడు. పైకి లాగితే ఆ కడియం దానికి అంటుకొని ఉంది. అల్‌హందులిల్లాహ్ అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఆ రాత్రి ఇషా తరువాత వాడు పెరట్లో మంచం మీద ఉండగా వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఆ రోజు నీ వుజూ చెల్లింది. నాకు తెలుసు. తెలిసే అన్నాను. పెద్దమనిషి ముందు నా పరువు చూసుకున్నాను, నీది చూడలేదు. నన్ను మన్నించు" అన్నాను. తండ్రి కొడుకును మన్నింపు అడగడం మా ఇళ్లలో అలవాటు లేని పని. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "రేపు మాగ్నెట్ బిగిద్దాం అబ్బా" అన్నాడు. కాసేపాగి, "ఆ రోజు నేను చేతులు పావుగంట రుద్దుకొని వచ్చాను" అన్నాడు. అంతే. ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తుంది.

పదకొండో రోజు లీటరు పెట్రోలులో ముప్ఫై మిల్లీలీటర్ల నూనె కలిపి ట్యాంకులో పోశాం. పాత యజమాని నూనె పంపు తీసేశాడు గనుక కలిపి పోయక తప్పదు. కిక్ నేనే కొట్టాను. పదిసార్లు కొట్టినా ఉలకలేదు. పదకొండోసారి ఒక్క దగ్గు. మరోసారి కొడితే తెల్లని పొగతో లేచి, కాసేపటికి ఒక చప్పుడులో నిలబడింది. మావాడు యాక్సిలరేటరు కొంచెం తిప్పి వదిలాడు. రేజింగ్ వెంటనే దిగింది. వాడు నా ముఖం చూశాడు. దొంగగాలి లేదు.

చేసిన తప్పు నలుగురిలో చేసినది. నాలుగు గోడల మధ్య మన్నింపుతో దాని లెక్క సరిపోదనిపించింది. రమజాన్‌కు ముందు మస్జిదులో మసాయిల్ చెప్పే రోజు వచ్చింది. వుజూ గురించి చెబుతూ నా చేతులు ఎత్తి చూపించాను. నలుపు ఇంకా పూర్తిగా పోలేదు. జిడ్డుపొరకూ రంగుకూ తేడా చెప్పాను. చేతిపని చేసేవారు ఈ మచ్చల కారణంగా జమాఅత్‌కు దూరం కావలసిన పని లేదన్నాను. మూడేళ్ల క్రితం ఇదే వరుసలో నిలబడి నా కుమారుని అవమానించిన సంగతి కూడా చెప్పాను. గొంతు కొంచెం తడబడింది. బయటకు వస్తుంటే టైర్లకు పంక్చర్లు వేసే కుర్రవాడొకడు సలాం చేసి, తన చేతులు చూసుకొని నవ్వాడు.

రమజాన్ మొదటి రాత్రి తరావీహ్‌కు మావాడు మా మస్జిదుకే వచ్చాడు. పిండికట్టు మీద మసహ్ చేసుకొని, రెండో వరుసలో చివరన నిలబడ్డాడు. నేను పిలవలేదు. వాడికి నచ్చిన చోట వాడు నిలబడ్డాడు, అది చాలు.

బండి ఇంకా ఇంట్లోనే ఉంది. పండుగ తరువాత కట్టు విప్పారు. వాడి తల్లి మూడు షరతులు పెట్టింది: హెల్మెట్ లేకుండా వద్దు, కొండకు ఒంటరిగా వద్దు, నమాజు వేళ దాటనివ్వవద్దు. కొత్త పిస్టన్ కొత్త గోడతో సర్దుకోవాలంటే మొదటి కొన్నివందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలట. మధ్యమధ్య ఆపి చల్లారనివ్వాలట. మా ఇద్దరి సంగతీ ప్రస్తుతం అలాగే నడుస్తోంది. కొన్ని మాటలు, కొంత మౌనం, మళ్లీ కొన్ని మాటలు.

మన ఇళ్లలో ఏ బిడ్డయినా బిగుసుకుపోయినట్టు కనబడితే, పైనున్న గీతలు చూసి ఆగిపోకుండా వాటి మూలం వెదికే ఓపికను, ఆ మూలం మనమే అయితే ఒప్పుకునే ధైర్యాన్ని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.